తప్పు జాబితాకు ఎర్రర్ రాదు!

మీ రెజ్యూమెలో 'వర్డ్‌ప్రెస్' అనే మాట ఉందా? ఉంటే ఎక్కడుంది? చాలామంది దాన్ని చివర్న, 'ఇతర నైపుణ్యాలు' అనే వరసలో ఎంఎస్ ఆఫీస్ పక్కన పడేస్తారు. కొందరైతే రాయడానికే మొహమాటపడతారు. 'అదేం కోడింగ్? థీమ్ పెట్టి నాలుగు బటన్లు నొక్కడమేగా' అని క్యాంపస్‌లో ఓ చిన్నచూపు. బటన్ల దగ్గరే ఆగిపోయేవాళ్ల విషయంలో ఆ మాట నిజమే. కానీ ఒక్క అడుగు లోపలికి వేసి, కేటగిరీలు, ట్యాగుల మీద క్వెరీ రాయడం నేర్చుకున్నవాళ్లను అలా తీసిపారేయడం తప్పంటాను. డీబీఎంఎస్ పరీక్ష కోసం మీరు చదివి వదిలేసిన పాఠం మొత్తం అక్కడ పని చేస్తూ కనిపిస్తుంది.

వెబ్ టెక్నాలజీల వాడకాన్ని లెక్కగట్టే డబ్ల్యూ3టెక్స్ సర్వే ప్రకారం, ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా వర్డ్‌ప్రెస్ మీదే నడుస్తున్నాయి. 2003లో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం. సోర్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు. అంటే, ఇన్ని సైట్లను నడుపుతున్న డేటాబేస్ ఎలా కట్టారో తెలుసుకోవడానికి మీరు ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. పైసా ఫీజు కట్టక్కర్లేదు.

మూడు టేబుళ్ల పాఠం

కేటగిరీకి, ట్యాగ్‌కు తేడా ఏంటి? కేటగిరీలకు వంశవృక్షం ఉంటుంది. 'ఉద్యోగాలు' కింద 'తెలంగాణ', 'ఆంధ్రప్రదేశ్'; వాటి కింద 'పోలీసు', 'టీచర్' అలా. ట్యాగులకు అలాంటి పైకింద వరసలు ఉండవు. 'డిగ్రీ', 'ఐటీఐ', 'మహిళలకు'... అన్నీ ఒకే వరస.

2007 సెప్టెంబరులో వచ్చిన 2.3 వెర్షన్‌తో వర్డ్‌ప్రెస్‌లోకి ట్యాగులు అధికారికంగా వచ్చాయి. అప్పుడే ఈ వ్యవస్థకు మూడు టేబుళ్లు కేటాయించారు. మొదటిదాంట్లో పదం, దాని స్లగ్ ఉంటాయి. ఆ పదం కేటగిరీయా, ట్యాగా, దాని పైన ఎవరున్నారు అన్నది రెండోది చెబుతుంది. ఏ పోస్టుకు ఏ పదం తగిలించారో మూడోది దాచుకుంటుంది. గుర్తొచ్చిందా? ఒక పోస్టుకు చాలా ట్యాగులు, ఒక ట్యాగ్‌కు చాలా పోస్టులు. మీ పాఠ్యపుస్తకంలోని 'మెనీ టు మెనీ' సంబంధం ఇదే.

ఇప్పుడో చిన్న ప్రశ్న. 'డిగ్రీ', 'మహిళలకు' అనే రెండు ట్యాగులూ ఉన్న పోస్టులు కావాలి. ఎస్‌క్యూఎల్ కొత్తగా నేర్చుకున్నవాళ్లు 'ట్యాగ్ డిగ్రీ అయి ఉండాలి, ట్యాగ్ మహిళలకు అయి ఉండాలి' అని వేర్ క్లాజ్‌లో రెండు షరతులూ రాసేస్తారు. ఒక్క ఫలితం కూడా రాదు. ఎందుకంటే మూడో టేబుల్‌లో ఒక్కో వరసలో ఒక్క పదమే ఉంటుంది. ఒకే వరస రెండు పదాలు ఎలా అవుతుంది? ఆ టేబుల్‌ను రెండుసార్లు జాయిన్ చేయాలి. లేదంటే పోస్టు వారీగా గ్రూప్ చేసి, రెండు ట్యాగులూ లెక్కకు వచ్చినవే తీయాలి. 'రెండు సబ్జెక్టులూ తీసుకున్న విద్యార్థుల జాబితా ఇవ్వండి' అని ఇంటర్వ్యూల్లో అడిగే ప్రశ్న కూడా ఇదే, వేషం వేరు.

పేరులోనే పేచీ

ఈ ఎస్‌క్యూఎల్ బరువంతా మోయడానికి వర్డ్‌ప్రెస్ 'డబ్ల్యూపీ క్వెరీ' అనే క్లాస్ ఇచ్చింది. అయితే అది అడిగిందే ఇస్తుంది, మీ మనసులో ఉన్నది కాదు. 'క్యాట్' అనే పారామీటర్‌కు 'ఉద్యోగాలు' ఐడీ ఇస్తే దాని కింది కేటగిరీల పోస్టులూ వస్తాయి. అదే ఐడీని 'కేటగిరీ ఇన్' పారామీటర్‌కు ఇస్తే పిల్ల కేటగిరీలు రావు. 'కేటగిరీ నేమ్' అనేదానికి ఇవ్వాల్సింది పేరు కాదు, స్లగ్. ట్యాగుల మధ్య కామా పెడితే 'ఏదో ఒకటి' అని, ప్లస్ పెడితే 'అన్నీ ఉండాలి' అని అర్థం. ఒక్క గుర్తు మారితే జాబితా మొత్తం మారిపోతుంది.

అసలు ప్రమాదం ఏంటంటే, ఇవి తప్పు రాసినా పేజీ పగిలిపోదు. ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక రాదు. చక్కగా పది పోస్టులు కనిపిస్తాయి, కాకపోతే అవి రావాల్సిన పది కావు. సెమికోలన్ మరిచిపోతే కంప్యూటరే చెబుతుంది. తప్పు జాబితా వస్తే చెప్పాల్సింది మీరే.

దీనివల్ల నష్టపోయేది ఎవరు? ఉద్యోగ ప్రకటనల సైటు ఒకటి ఊహించుకోండి. 'గడువు ముగిసింది' అనే ట్యాగ్ ఉన్నవాటిని పక్కన పెట్టాలన్న షరతు క్వెరీలో లేదు. ఓ అభ్యర్థి ఆ జాబితా నమ్మి, కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం మీసేవ చుట్టూ నాలుగు రోజులు తిరిగి, తీరా అప్లై చేయబోతే లింకు మూసేసి ఉంటుంది. అక్కడ కోడ్ 'రన్' అయింది. అభ్యర్థి కష్టమే వృథా అయింది.

మరో ఉదాహరణ మీకు బాగా తెలిసిందే. మనం ఎంసెట్ అని పిలిచే పరీక్ష ఆంధ్రప్రదేశ్‌లో 2021లో, తెలంగాణలో 2024లో ఈఏపీసెట్ అయింది. ఓ విద్యాసైటులో పాత ప్రశ్నపత్రాలు 'ఎంసెట్' ట్యాగ్‌తో, కొత్తవి 'ఈఏపీసెట్' ట్యాగ్‌తో ఉన్నాయనుకుందాం. కొత్త ట్యాగ్ మీద మాత్రమే క్వెరీ రాస్తే పాతవన్నీ మాయం. రెండు ట్యాగులనూ కలిపి అడగాలి, లేదా రెంటినీ ఒకటి చేయాలి. ఈ సంగతి ఏ డాక్యుమెంటేషన్‌లోనూ ఉండదు. ఇక్కడ చదివి, ఇక్కడ పరీక్ష రాసిన మీకు తెలుస్తుంది.

తెలుగులో సైటు చేసేవాళ్లకు ఇంకో చిక్కుంది. తెలుగు స్లగ్‌లో ఒక్కో యూనికోడ్ గుర్తు డేటాబేస్‌లో తొమ్మిది అక్షరాల సంకేతంగా మారుతుంది. గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్క. స్లగ్ గరిష్ఠ పరిమితి 200. అంటే సుమారు 22 గుర్తుల తర్వాత స్లగ్ మధ్యలోనే తెగిపోతుంది. అందుకే పేరు తెలుగులో ఉంచి, స్లగ్ మాత్రం చిన్నగా ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకోవడం మేలు.

'ఏఐ రాసిస్తుందిగా?'

రాసిస్తుంది. క్షణాల్లో రాసిస్తుంది. అది రాసింది చాలావరకు నడుస్తుంది కూడా. కానీ సైటు యజమాని 'తెలంగాణ, డిగ్రీ ఉద్యోగాలు చూపించు' అన్నప్పుడు ఆ కామా 'మరియు'నా, 'లేదా'నా? పిల్ల కేటగిరీలు కావాలా, వద్దా? గడువు దాటినవి ఏం చేయాలి? ఈ ప్రశ్నలు అడగడం మనిషి పని. వచ్చిన పది పోస్టులు సరైనవేనా అని చేత్తో లెక్కపెట్టి చూడటమూ మనిషి పనే. ఏఐ వచ్చాక క్వెరీ టైప్ చేయడం తేలికైంది, దాన్ని పరీక్షించగల మనిషి అవసరం పెరిగింది.

వర్డ్‌ప్రెస్ నేర్చుకోగానే పెద్ద కంపెనీలు ఆఫర్ లెటర్లతో వరస కడతాయని నేను చెప్పను. అలా చెప్పే ప్రకటనలను నమ్మకండి కూడా. నేను చెప్పేది ఒక్కటే: ప్రాజెక్టు పేరుతో ఎవరో చేసిన 'లైబ్రరీ మేనేజ్‌మెంట్' కొనుక్కుని సమర్పించేకంటే, ఇది ఎన్నో రెట్లు నయం.

ఒక్క వారం పెట్టండి. ల్యాప్‌టాప్‌లో ఎక్సాంప్, వర్డ్‌ప్రెస్ వేసుకోండి. ల్యాప్‌టాప్ లేకపోతే కాలేజీ ల్యాబ్ చాలు. రెండు అంచెల కేటగిరీలతో, ఎనిమిది ట్యాగులతో 30 పోస్టులు పెట్టండి. 'ఇది ఉండాలి, అది ఉండకూడదు' తరహా ప్రశ్నలు అయిదు రాసుకోండి. ఎన్ని పోస్టులు రావాలో ముందే కాగితం మీద లెక్కేయండి. తర్వాత డబ్ల్యూపీ క్వెరీతో ఒకసారి, పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో సొంత ఎస్‌క్యూఎల్‌తో ఒకసారి తీయండి. క్వెరీ మానిటర్ అనే ఉచిత ప్లగిన్ పెట్టుకుంటే, తెర వెనక వర్డ్‌ప్రెస్ పంపిన ఎస్‌క్యూఎల్ కనిపిస్తుంది. మీరు రాసినదాన్ని దాని పక్కన పెట్టి చూడండి. మూడు లెక్కలూ కలవని చోట ఆగి, ఎందుకో కనుక్కోండి. మీరు నిజంగా నేర్చుకునేది అక్కడే.

ఆ కాగితం పారేయొద్దు. ఇంటర్వ్యూలో 'వర్డ్‌ప్రెస్‌లో ఏం చేశావ్?' అని అడిగితే థీమ్ పేరు చెప్పకండి. 'ఈ క్వెరీకి ఏడు పోస్టులు రావాలి, పదకొండు వచ్చాయి, కారణం ఇదీ' అని ఆ కాగితం చూపించి చెప్పండి.