పట్టణపు తిండికి కర్త యెవరు?

పట్టణవాసుల తిండి చెడినదనుటలో నెవరికిని సందేహము లేదు. మన దేశమునందలి వ్యాధిభారములో నూటికి 56 పాళ్లకు మించి యనుచితాహారమువలననే కలుగుచున్నదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి 2024వ సంవత్సరపు మార్గదర్శకములు చెప్పుచున్నవి. దోష మెవరిదన్నచోటనే వివాదము. సభలలో నుపన్యసించు పెద్దలు సాధారణముగా రెండు మాటలు చెప్పుదురు: జనులకు జిహ్వాచాపల్యము ముదిరినది, ఆడువారు వంటయిల్లు విడిచిరి. రెండవమాటకు చప్పట్లు కూడ మ్రోగును. ఈ రెండును నిజము కావని నా వాదము.

జొన్నరొట్టె సంగతి చూడుడు. మన మెట్టసీమలలో తరతరములుగా జనులను బ్రతికించిన యా రొట్టె పట్టణపు టిండ్లలో నేల యరుదయ్యెను? నాలుక దానిని రోసెనందురా? సాయంకాలము హైదరాబాదు వీథులలో రొట్టెలు కాల్చి యమ్ము స్త్రీలచుట్టును మూగు జనమును చూచినవా రామాట యనరు. జొన్నపిండికి గోధుమపిండికున్న సాగుడు లేదు. వేడినీటితో పిసికి, అఱచేతితో నొక్కొక్క రొట్టెనే తట్టి, పెనముకడ నిలిచి కాల్చవలయును. బియ్యమన్ననో, కడిగి కుక్కరులో పెట్టి మూత బిగించిన చాలును. అది యుడుకులోపల నిల్లాలు బిడ్డకు జడ వేసి, తాను కొలువునకు సిద్ధము కావచ్చును. ఇక్కడ నోడినది రుచి కాదు, తీరిక.

ఆ తీరిక యెవరికున్నది? 2019లో కేంద్రప్రభుత్వమువారు జరిపిన కాలవినియోగ పరిశీలనలో, జీతము లేని యింటిపని చేసిన స్త్రీలు నూటికి 81 మంది, పురుషులు 26 మంది. చేసినవారిలో స్త్రీ దినమునకు సగటున 299 నిమిషములు వెచ్చించెను. పురుషుడు 97 నిమిషములు. వంటయిల్లు విడిచినవారెవరో యీ లెక్కయే చెప్పుచున్నది. విడుచుటకైనను ముందు ప్రవేశించి యుండవలయును గదా!

ఇక వెల. 1983లో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్య మిచ్చెను. అది పెక్కు కుటుంబముల యాకలి మాన్పినది. దానిని నేను నిందింపను. కాని జొన్నకును రాగికిని నంతటి యాదరణము లభింపలేదు. చౌకదుకాణమున బియ్యము, బజారున జొన్నలు నున్నప్పుడు దినకూలి యేది కొనును? 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించినది; ఆ ధాన్యములు రంగుసంచులలో సంపన్నుల యంగళ్లకెక్కినవి. పేదవాని సంకటి ధనికుని పథ్యమైనది!

అమీర్‌పేట వసతిగృహములలో నలుగు రొక్క గదిలో నుండి పరీక్షలకు చదువు యువకుని తలచుకొనుడు. వానికి పొయ్యి లేదు. పెట్టినది తినవలయును, లేదా వీథిలో కొనవలయును. 2022-23 వినియోగవ్యయ పరిశీలన ప్రకారము పట్టణవాసుల నెలసరి వ్యయములో నూటికి పదిపాళ్లకు పైగా పానీయములకును, సిద్ధపుతిండికిని పోవుచున్నది. ధాన్యములకు పోవునది యందులో సగమైనను లేదు. ఇదంతయు చాపల్యమే యన్నచో, పొయ్యి లేని గదికి అద్దె గైకొను యజమాని మాట యేమి? భోజనమున కరగంట యీయని కార్యాలయము మాట యేమి?

2013నాటి ఆహారభద్రతా చట్టమున బియ్యము, గోధుమలతోపాటు ముతకధాన్యములకును చోటున్నది. కిలో రూపాయి యని వెల కూడ వ్రాసిరి. కర్ణాటకమున చౌకదుకాణములలో రాగులు, జొన్నలు పంచిన యనుభవము కలదు. మన పట్టణములలో ప్రతి దుకాణమునను బియ్యముతో సమానముగా జొన్నలును రాగులును దొరకునట్లు చేయవలెనని యుపన్యాసకులు ప్రభుత్వము నడుగుదురుగాక. ఆ జొన్నలు పిండియై యింటికి వచ్చిన దినమున, రొట్టె తట్టుట నేర్చుకొనవలసినవాడు మొదట గృహస్థుడే.