పరాన్నభుక్కు ఇంట్లో వంటమనిషి

ఒకరి అన్నం తిని బ్రతికేవాణ్ణి పరాన్నభుక్కు అన్నారు పెద్దలు. ఆ మాటలో కొంత ఎగతాళి వున్నది, కొంత కోపమూ వున్నది. పశువు చెవి వెనుక చేరి నెత్తురు పీల్చే పిడుదు పరాన్నభుక్కు. మనిషి ఒంట్లో కాపురం పెట్టి కాలును ఏనుగుకాలు చేసే ఫైలేరియా పురుగు పరాన్నభుక్కు. ఇంతవరకు అందరికీ తెలిసినదే. అయితే ఈ పరాన్నభుక్కుల ఇంట్లో మరొకరు వుంటున్నారనీ, పొయ్యి రాజేసి వంట చేస్తున్నది వారేననీ, వారు చేయి ముడుచుకు కూర్చుంటే వీరికి పూట గడవదనీ లోకానికి తెలిసి ఎంతో కాలం కాలేదు. ఈ వారం ఆ వంటమనిషిని గురించి చెప్పుకుందాం.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి పురుగుల శాస్త్రంతో ఏమి పని అని మీరనవచ్చు. రెండు కారణాలున్నాయి. 2025 చివర మా పల్నాడు జిల్లాలో స్క్రబ్ టైఫస్ అనే జ్వరం పత్రికలకెక్కింది. పత్తితీతకు పోయేవారందరికీ అదే భయం. మా దాచేపల్లిలో, మా వీధిలోనే, నాలుగు గేదెలున్న పెద్దాయన ఒకరు నన్ను అరుగుమీద కూర్చోబెట్టి, "ఏం మేష్టారూ, గేదెల మీద పిడుదులే ఈ జ్వరం తెస్తున్నయ్యంటగా, నిజమేనా?" అని అడిగాడు.

"అది పిడుదు కాదు బాబాయ్. పిడుదుకు దాయాది. పొదల్లో, గడ్డిలో వుండే ఒక రకం నల్లి పిల్ల" అన్నాను.

"దాయాదా? అయితే పిడుదుకన్నా చెడ్డదే!" అన్నాడాయన. పలనాటివాళ్ళకు దాయాదుల సంగతి వేరే చెప్పాలా!

ఇది మొదటి కారణం. రెండోది ఒక తెలుగువాడి పేరు. అది తరువాత చెబుతాను.

ముందు పిడుదు సంగతి. పుట్టింది మొదలు చచ్చేవరకు దానికి నెత్తురు తప్ప మరో ఆహారం లేదు. నెత్తురులో మాంసకృత్తులు పుష్కలం గాని, బి విటమిన్లు చాలా తక్కువ. రోజూ పరమాన్నమే పెట్టినా మనిషి ఉప్పూ పులుపూ లేకుండా ఎన్నాళ్ళుండగలడు? ఈ లోటు తీర్చేవి దాని ఒంట్లోనే నివాసమున్న బాక్టీరియాలు. కొన్ని పిడుదుల్లో అవి కాక్సియెల్లా తెగవి, మరికొన్నింటిలో ఫ్రాన్సిసెల్లా తెగవి. తల్లి గుడ్డులోంచే ఇవి పిల్లకు చేరతాయి. వెనుకటి రోజుల్లో కూతురిని అత్తవారింటికి పంపుతూ అరణంగా దాసిని పంపేవారే, అటువంటిదన్నమాట.

వంటమనిషిని తీసేస్తే ఏమవుతుందో పరీక్షించి చూశారు. మన పశువులనూ పీడించే పిడుదు జాతిమీద బ్రెజిల్ శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధన 2017లో అచ్చయింది. నెత్తురు తాగిన ఆడ పిడుదులకు టెట్రాసైక్లిన్ మందు ఎక్కించారు. అవి గుడ్లు పెట్టాయి, పిల్లలూ పుట్టాయి. కాని ఆ పిల్లలు పశువును పట్టి నెత్తురు తాగినా పెద్దవి కాలేక నడిమి దశలోనే ఆగిపోయాయి. 2018లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఆఫ్రికా పిడుదు ఒకదానిమీద ఇటువంటి పనే చేసి, ఆపైన బి విటమిన్లు అందించి చూశారు. అవి మళ్ళీ ఎదిగాయి. వంటమనిషి వండుతున్నదేమిటో దానితో తేలిపోయింది.

అయితే ఆ యింట్లో వున్నవారంతా వంటవారు కారు. బాటసారులూ దిగుతారు. పశువుకు రక్తం విరిచే అనాప్లాస్మా, మనిషికి మచ్చల జ్వరం తెచ్చే రికెట్సియా ఈ కోవలోవి. వీరిలోనూ కొందరు సత్రానికి బాడుగ చెల్లిస్తారు. అమెరికాలో జింకల్ని పట్టే పిడుదులో వుండే అనాప్లాస్మా ఒకటి, ఒళ్ళు గడ్డకట్టకుండా కాపాడే మాంసకృత్తిని పిడుదు చేత ఎక్కువగా తయారుచేయించి, చలికాలం గట్టెక్కిస్తుందని 2010లో కనుగొన్నారు. బండి బాగుంటేనే గదా ప్రయాణం! స్క్రబ్ టైఫస్ తెచ్చే ఓరియెన్షియా కూడా నల్లిలో తల్లి నుంచి పిల్లకు గుడ్డులోనే పోతుంది. ఆ నల్లి వంశమే దాని ఇల్లు. మనిషి దారి తప్పి తగిలిన మజిలీ మాత్రమే. ఆ మజిలీలోనే మన ప్రాణంమీదికి వస్తున్నది.

ఇక ఫైలేరియా పురుగు. ఇది నులిపురుగుల జాతిది. మన కోస్తాలో బోదకాలు తరతరాల బాధ. క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు ఒంట్లో చేరిన ఈ పురుగులు శోషరస నాళాల్లో ఏళ్ళ తరబడి బ్రతికి లక్షలాదిగా పిల్లల్ని కంటాయి. ఆ పిల్లలు రాత్రివేళ నెత్తుటిలో తిరుగుతాయి గనుకనే పరీక్షకు నెత్తురు రాత్రిపూట తీస్తారు. ఈ జబ్బును అదుపు చేయడానికి 1955లో జాతీయ పథకం పెట్టారు.

ఈ పురుగు కడుపులోనూ వంటమనిషి వున్నది. పేరు వోల్బాకియా. హెర్టిగ్, వోల్బాక్ అనే ఇద్దరు హార్వర్డ్ శాస్త్రజ్ఞులు దీన్ని 1924లో మొదట వెల్లడించింది పురుగులో కాదు, క్యూలెక్స్ దోమలో. 1970లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఫైలేరియా పురుగుల్లో బాక్టీరియాల వంటివి కనిపించాయి. అవి వోల్బాకియా తెగవేనని 1995లో తేలింది. 2005లో ఒక ఫైలేరియా పురుగులోని వోల్బాకియా జన్యువులన్నీ చదివారు. పురుగు తనంతట చేసుకోలేని హీమ్, రైబోఫ్లావిన్ వంటి సరుకులు ఈ బాక్టీరియా చేయగలదు. దానికి కావలసిన అమినో ఆమ్లాలు పురుగు ఇస్తుంది. ఒకరికొకరు ఆధారమై ఎన్ని యుగాలుగా కాపురం చేస్తున్నారో! పురుగు నుంచి దాన్ని విడదీస్తే ఇద్దరికీ బ్రతుకు లేదు.

ఇప్పుడు ఆ తెలుగువాడి పేరు చెబుతాను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరి హార్వర్డ్‌లో చదివాడు. అక్కడివారు దోమలో వోల్బాకియాను చూసిన నాటికి ఆయన ఆ విశ్వవిద్యాలయంలోనే వున్నాడు. తరువాత లెడర్లే అనే మందుల కంపెనీలో పరిశోధనలకు అధిపతి అయ్యాడు. ఫైలేరియామీద నేటికీ వాడే డై ఇథైల్ కార్బమజైన్, అంటే మన ఊళ్ళలో ఇంటింటికీ పంచే డి.ఇ.సి. బిళ్ళ, ఆయనా సహచరులూ 1947లో లోకానికి వెల్లడించినది. ఆయన అధిపతిగా వున్న ఆ పరిశోధనాలయంలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. 1948లో దాన్ని ప్రకటించారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అది తొలిచూలు బిడ్డ. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు.

డి.ఇ.సి. ముఖ్యంగా చంపేది నెత్తుటిలోని పిల్లపురుగుల్ని. పెద్ద పురుగుల్లో చాలా మిగిలిపోతాయి. ఆ పెద్ద పురుగును పడగొట్టే తాళపుచెవి కూడా అదే గుత్తిలో, అదే ఇంట్లో వున్నదని 1948లో ఎవరూ అనుకోలేదు. అది తెలియడానికి యాభై యేళ్ళు పట్టింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో 1960లలో వచ్చిన డాక్సీసైక్లిన్‌ను టాంజానియాలో ఫైలేరియా వున్న మగవారికి ఎనిమిది వారాలు ఇచ్చి చూశారు. 2005లో ఆ ఫలితాలు వచ్చాయి. మందు పురుగును తాకలేదు, వోల్బాకియాను చంపింది. ఆపైన పురుగు పిల్లల్ని కనడం మానింది. 14 నెలలకు పరీక్షిస్తే చాలామందిలో పెద్ద పురుగుల కదలిక లేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగను ముట్టకుండా వంటమనిషిని పట్టుకున్నారు. దొంగ ఆకలికి చచ్చాడు.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక చేయకపోతే తప్పు. ఈ ఉపాయం అన్ని పురుగులమీదా పారదు. కడుపులో ఏలికపాముకు వోల్బాకియా లేదు. ఆఫ్రికాలో కంటిలో పాకే లోవా పురుగుకూ లేదు. ఫైలేరియాకు డాక్సీసైక్లిన్ వారాల తరబడి వాడాలి. గర్భిణులకూ చిన్నపిల్లలకూ ఆ మందు అంతకాలం ఇవ్వరు. అందువల్ల ఊరంతటికీ పంచడానికి అది పనికిరాదు, డాక్టరు చూసి ఇవ్వవలసినదే. పిడుదులు పోవాలని గేదెకు ఇటువంటి మందులు పొడిపించడమూ తగదు. ఆ మందు పాలలోకి వస్తుంది. చీటికీ మాటికీ వాడితే అసలు ప్రమాదం వచ్చిన రోజున మందుకు లొంగని సూక్ష్మజీవులే మిగులుతాయి.

ఆ అసలు ప్రమాదం ఏమిటంటారా? స్క్రబ్ టైఫస్‌కూ, పిడుదు కుట్టి వచ్చే మచ్చల జ్వరానికీ మందు ఈ డాక్సీసైక్లినే. ఖరీదయినది కాదు. వేళకు పడితే ఒకటి రెండు రోజుల్లోనే జ్వరం దిగడం మొదలవుతుంది. ఆలస్యమయితే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతింటాయి. చేలోకి, పొదల్లోకి పోయివచ్చినవారికి జ్వరం పట్టి విడవకపోతే చంకల్లో, గజ్జల్లో, నడుము చుట్టూ నల్లని పెచ్చు వున్నదేమో చూడండి. సిగరెట్టుతో కాల్చినట్టుంటుంది, నొప్పి వుండదు, అందుకే కనిపెట్టరు. అది అందరిలోనూ వుండదు గనుక, లేదని నిశ్చింతగా కూర్చోవద్దు. డాక్టరు దగ్గరకు పోయి, "చేలో పనిచేసి వచ్చాను" అనే మాట మరిచిపోకుండా చెప్పండి. సుబ్బారావు ఏలిన ఇంట్లో మొదలయిన మందుల కుటుంబం మన ఊరి ఆసుపత్రి దాకా వచ్చి వున్నది. మనం వేళకు అక్కడికి చేరడమే మిగిలింది.