గొర్రెకు కత్తెర, కుక్కకు దువ్వెన



ఈసారి పోస్టు పత్తి గురించి కాదు, వడ్ల రేటు గురించి కాదు. కుక్కల గురించి. నవ్వకండి, చివరిదాకా చదవండి.

శివరాత్రి దాటింది. చలి శివ శివ అంటూ వెళ్లిపోయింది. బాయికాడ కాపలా ఉన్న జర్మన్ షెఫర్డు, ఇంట్లో పిల్లలు ముద్దుగా పెంచుకునే పమేరియన్, పట్నం చుట్టం తెచ్చిచ్చిన హస్కీ, అన్నీ కుప్పలు కుప్పలుగా బొచ్చు రాల్చే టైము ఇది. దాంతోపాటే ఇంకో పని కూడా ఇప్పుడే మొదలవుతుంది. "పాపం, ఎండకు తట్టుకోలేదు" అని కుక్కను పట్టుకుని నున్నగా గుండు గీసే పని.

సూటిగా చెబుతున్నా. ఒత్తు బొచ్చు కుక్కకు ఎండాకాలం గుండు గీయించడం దానికి మేలు కాదు, కీడు. ప్రేమతో చేస్తున్నామని అనుకుంటాం గానీ, దాని ఒంటి మీద గొడుగు మనమే పీకేస్తున్నాం.

మనకు ఈ ఆలోచన ఎందుకొస్తుందో నాకు తెలుసు. గొర్రెకు ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తాం, బర్రెకు కూడా బొచ్చు గీయిస్తాం. మరి కుక్కకెందుకు వద్దు? న్యాయమైన ప్రశ్నే. జవాబు జంతువు ఒంట్లోనే ఉంది.

మన దక్కనీ గొర్రె ఉన్ని పెరుగుతూనే ఉంటుంది, దానంతట అది సరిగ్గా రాలిపోదు. కత్తిరించకపోతే ముద్దకట్టి, పేడ అంటుకుని, పురుగు పడుతుంది. అందుకే కత్తెర. అదే నెల్లూరు జాతి గొర్రె చూడండి, దానికి ఉన్ని లేదు, ఉన్నది వెంట్రుకే, కాబట్టి కత్తెర పనీ లేదు. బర్రెకేమో బొచ్చు పలచన, తోలు దళసరి, మనం రోజూ నీళ్లు కొడతాం, చెరువులో పడుకోబెడతాం. ఒక్కో జీవిది ఒక్కో తీరు. గొర్రె లెక్క బర్రెకు పనికిరానట్టే, ఈ రెండింటి లెక్క కుక్కకు పనికిరాదు.

ఒత్తు బొచ్చు కుక్కకు రెండు పొరలు ఉంటాయి. లోపల మెత్తగా, దూదిలాగా ఉండే నూగు బొచ్చు. పైన గట్టిగా, పొడుగ్గా ఉండే వెంట్రుక. అర్థం కావాలంటే మన గొర్రెల కాపరిని గుర్తు చేసుకోండి. లోపల చలికి స్వెటర్, పైన గొంగడి. గొంగడి చలికి ఒక్కదానికేనా? వానకూ అదే, ఎండకూ అదే. ఎండాకాలం వస్తే కాపరి స్వెటర్ విప్పేస్తాడు, గొంగడి మాత్రం నెత్తి మీదే ఉంటుంది. కుక్క కూడా అచ్చం అదే చేస్తుంది. ఇప్పుడు రాలేది ఆ స్వెటరే. పై వెంట్రుక నిలబడి ఎండ నేరుగా తోలుకు తగలకుండా ఆపుతుంది. మనం మిషన్ పెట్టి గీసినప్పుడు స్వెటర్‌తో పాటు గొంగడి కూడా పోతుంది.

తర్వాత ఏమవుతుంది? బొచ్చు కింద ఉండే తోలు ఎండ ఎరగనిది, పలచనిది. అది కమిలిపోతుంది. దోమ, ఈగ, గోమారు నేరుగా తోలు మీద వాలతాయి. మళ్లీ మొలిచేటప్పుడు నూగు ముందు వస్తుంది, పై వెంట్రుక నిదానంగా వస్తుంది. అంటే గొంగడి లేకుండా స్వెటర్ ఒక్కటే తొడిగినట్టు. అది చిక్కులు పడుతుంది, తడిస్తే ఆరదు. పమేరియన్, హస్కీ లాంటి వాటిలో కొన్నింటికి గీసిన చోట నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటినా బొచ్చు సరిగ్గా మొలవదు. అప్పుడు "ఏదో రోగం వచ్చింది" అని మందుల షాపుల చుట్టూ తిరుగుతాం.

ఇంకో ముఖ్యమైన సంగతి. మనకు ఒళ్లంతా చెమట పడుతుంది, అది ఆరితే చల్లబడతాం. కుక్కకు అట్లా కాదు. దాని పాదాల కింద కొంచెం చెమట తప్ప ఒంటికి చెమట లేదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దాని ఫ్యాను. కాబట్టి బొచ్చు తీసేస్తే చెమట ఆరి చల్లబడుతుందనే లెక్క మనుషులకు పనికొస్తుంది, కుక్కకు రాదు.

అట్లాగని బొచ్చు ఉంటే కుక్క మే నెలలో చల్లగా ఉంటుందని నేను అనట్లేదు. హస్కీకి మన ఎండలో బాధే. ఆ బాధకు మందు నీడ, నీళ్లు, గాలి, దువ్వెన. కత్తెర కాదు.

దువ్వెన అంటే ఇదేదో పట్నపోళ్ల సోకు అనుకోకండి. రాలిన నూగు బయటికి పోకుండా పై వెంట్రుకల మధ్య ఇరుక్కుంటే గాలి ఆడదు. అసలు వేడి అక్కడే పుడుతుంది. ఆ చచ్చిన బొచ్చు తీసేస్తే గుండు గీయకుండానే తోలుకు గాలి తగులుతుంది. పళ్లు దూరంగా ఉన్న గట్టి దువ్వెన ఒకటి, సన్న ఇనుప ముళ్ల బ్రష్షు ఒకటి తెచ్చుకోండి. చాలు, ఏళ్లు వస్తాయి. గుండుకు ఒక్కసారి ఇచ్చే డబ్బు కంటే ఎక్కువేం కాదు.

చేసే తీరు ఇది. పొద్దున చల్లపూట, ఆరుబయట. బొచ్చు ఒక చేత్తో పాయ తీసి, తోలు కనబడేటట్టు పట్టుకుని, మొలిచిన దిక్కుగా దువ్వాలి. పైపైన గీకితే లోపలి నూగు రాదు, మరీ గట్టిగా గీకితే తోలు గీరుకుపోతుంది. చెవుల వెనక, ముందుకాళ్ల చంకల్లో, తొడల వెనక, తోక మొదట్లో ఎక్కువ చిక్కు పడుతుంది. రాలే సీజన్‌లో రోజూ పది పదిహేను నిమిషాలు, మిగతా రోజుల్లో వారానికి ఒకటి రెండుసార్లు. పాలు పిండేటప్పుడు బర్రె పొదుగు ఎట్లా తడిమి చూస్తామో, దువ్వేటప్పుడు కుక్క ఒళ్లు కూడా అట్లా తడిమి చూడండి. గోమార్లు, గడ్డలు, పుండ్లు అప్పుడే దొరుకుతాయి.

స్నానం చేయించాలంటే ముందు దువ్వండి, తర్వాతే నీళ్లు. చిక్కులతో తడిపితే అవి ఇంకా బిగుసుకుంటాయి. బట్టల సబ్బు వద్దు, తోలు ఎండిపోయి దురద పెడుతుంది. కుక్కల షాంపూ వాడి, నురగ మొత్తం పోయేదాకా కడిగి, బాగా ఆరబెట్టండి. వానాకాలంలో అయితే మరీ జాగ్రత్త. లోపలి నూగు తడిగా ఉండిపోతే ఒక్క రాత్రిలోనే పుండు లేస్తుంది.

తిండి సంగతి కూడా చెప్పాలి. వెంట్రుక తయారయ్యేది ప్రొటీన్‌తోనే. ఉత్త సల్ల అన్నం పెట్టి బొచ్చు మెరవాలంటే ఎట్లా? యూరియా ఒక్కటే వేసి గింజ గట్టిపడాలన్నట్టు. ఉడికించిన గుడ్డు, ఎముకలు తీసిన కోడి మాంసం, ముల్లు తీసిన చేప కలపండి. ఉడికించిన ఎముకలు పెట్టొద్దు, అవి చీలి పేగులకు గుచ్చుకుంటాయి. ఉల్లిగడ్డ కూడా కుక్కకు పడదు.

"రెండు సీజన్లే అన్నావు, మా కుక్క ఏడాదంతా రాలుస్తుంది" అంటారు కొందరు. అది కూడా మామూలే. బొచ్చు మారడానికి ముఖ్యమైన గురుతు పగటి పొడుగు. చలి దేశాల్లో ఎండాకాలం, చలికాలం పగటికి చాలా తేడా ఉంటుంది. మన దగ్గర ఎంత చూసినా రెండు గంటల చిల్లర తేడానే. పైగా ఇంట్లో రాత్రి దాకా లైట్లు. అందుకే ఇక్కడ కొన్ని కుక్కలు శివరాత్రి తర్వాత ఒకసారి, దీపావళి అటూఇటూ ఒకసారి గట్టిగా రాల్చి, మిగతా రోజుల్లో కొంచెం కొంచెం రాలుస్తూనే ఉంటాయి. ఈనిన కుక్క కూడా బాగా రాలుస్తుంది.

మామూలు కానిది ఏదంటే, అక్కడక్కడా బోసిగా గుండ్రటి మచ్చలు, ఎర్రటి తోలు, పొక్కులు, వాసన, నిద్ర కూడా పోనంత దురద, రెండు పక్కలా సమానంగా బట్టతల పడటం. ఇవి సీజన్ రాలుడు కాదు, రోగం. తామర, గజ్జి లాంటివి పిల్లలకు కూడా అంటుకుంటాయి. అప్పుడు పశువుల డాక్టరుకు చూపించాల్సిందే.

ఇక్కడ మన ఊర్లలో జరిగే రెండు పనుల గురించి గట్టిగానే చెబుతా. ఒకటి, గజ్జి పట్టిందని కాలిన ఇంజన్ ఆయిల్ పూయడం. కుక్క దాన్ని నాకుతుంది, అది విషం. రెండోది, బర్రెల గోమార్ల మందు మిగిలిందని కుక్క మీద కొట్టడం, బర్రెకు వేసే ఐవర్‌మెక్టిన్ సూది అందాజాగా కుక్కకు వేయడం. ఎకరం మందు గుంట మడిలో పోస్తే పంట ఏమవుతుందో మీకు చెప్పాలా? కోలీ జాతిలో, కొన్ని జర్మన్ షెఫర్డులలో పుట్టుకతోనే ఒక లోపం ఉంటుంది, వాటికి ఆ మందు మెదడుకెక్కి ప్రాణం పోవచ్చు. డాక్టరు బరువు చూసి రాసిందే వాడండి.

ఎండదెబ్బ గుర్తులు కూడా ఇంటిల్లిపాదికీ తెలియాలి. ఆపకుండా రొప్పడం, నాలుక, చిగుళ్లు ఎర్రగా కావడం, చిక్కటి చొంగ, తూలడం, వాంతి. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. 104 దాటితే గండం. వెంటనే నీడలోకి తెచ్చి బోరు నీళ్లు పోయండి. ఒత్తు బొచ్చు కుక్కకు పైపైన పోస్తే నీళ్లు జారిపోతాయి, వేళ్లతో పాయలు తీసి తోలు దాకా తడపాలి. పొట్ట కింద, గజ్జల్లో, పాదాలకు ముఖ్యంగా. తడి గోనెసంచి మీద కప్పొద్దు, వేడి లోపలే ఉండిపోతుంది. ఫ్యాను పెట్టండి. తెలివిలో ఉంటే కొంచెం కొంచెం నీళ్లు తాగించండి, పడిపోయిన కుక్క నోట్లో బలవంతంగా పోయొద్దు. తేరుకున్నట్టు కనిపించినా డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.

అసలు ఆ గండం రాకుండా ఉండాలంటే రేకుల షెడ్డు కింద కట్టేయకండి, అది పొయ్యి లెక్క. చెట్టు నీడన ఇసుక పోసి తడిపి పెట్టండి. నీళ్ల తొట్టి గొలుసుకు అందేటట్టు ఉండాలి, పొద్దు తిరిగితే నీడ ఎటు పోతుందో చూసుకోవాలి.

గుండు ఎప్పుడూ వద్దా అంటే, పుండు పడితే, ఆపరేషన్ చేయాల్సి వస్తే, దువ్వెన దిగనంత ముద్ద కడితే డాక్టరు చెప్పినంత మేర తీయాల్సిందే. పాదాల వేళ్ల మధ్య, తోక కింద శుభ్రం కోసం కత్తిరించొచ్చు. షిట్జూ, పూడిల్ లాంటి వాటికి వెంట్రుక పెరుగుతూనే ఉంటుంది, వాటికి కత్తిరింపు అవసరమే. నేను మాట్లాడేది రెండు పొరల బొచ్చు ఉండి, సీజన్‌కు రాల్చే వాటి గురించి.

చివరగా నా అసలు మాట. హస్కీ సైబీరియా మంచులో బండి లాగే కుక్క. పమేరియన్ పేరు బాల్టిక్ సముద్రం ఒడ్డు ప్రాంతం నుంచి వచ్చింది. సెయింట్ బెర్నార్డ్ ఆల్ప్స్ కొండలది. వాటిని తెచ్చి 44 డిగ్రీల ఎండలో బాయికాడ గొలుసు వేసి, ఆపైన గుండు గీయడం ఏం న్యాయం? ఫోటోలో బాగుందని విత్తనం కొంటామా? మన నేలకు, మన నీళ్లకు సరిపోతుందా అని చూసి కొంటాం. కుక్కను తెచ్చేటప్పుడు ఆ తెలివి ఎటు పోతుంది? కాపలాకు మన ఊరకుక్క పిల్లను చిన్నప్పుడే తెచ్చి, టీకాలు వేయించి, మంచి తిండి పెడితే దాన్ని మించింది లేదు. జాతి కుక్కే కావాలంటే ముధోల్, రాజపాళయం, చిప్పిపరై ఉన్నాయి. పొట్టి బొచ్చు, దక్షిణాది ఎండలో పెరిగినవి.

ఇప్పటికే మీ ఇంట్లో బొచ్చుకుక్క ఉంటే మాత్రం దాన్ని రోడ్డు మీద వదలొద్దు. అది మన దగ్గరికి నడుచుకుంటూ రాలేదు, మనమే తెచ్చుకున్నాం. రోజుకు పది నిమిషాలు దువ్వండి. దువ్విన బొచ్చు పశువుల మేతలో పడకుండా ఎరువు గుంతలో వేయండి, నిదానంగానైనా కుళ్లుతుంది. మందు పూసిన రోజుల్లో రాలిన బొచ్చు మాత్రం పిట్టలు గూళ్లకు ఎత్తుకుపోకుండా పూడ్చిపెట్టండి.

మీ వాడకట్టులో ఎవరైనా ఈ వారం కుక్కకు మిషన్ పెట్టడానికి సిద్ధమవుతుంటే ఈ పోస్టు చూపించండి. వేరే అభిప్రాయం ఉన్నవాళ్లు కింద రాయండి, మాట్లాడుకుందాం.