మునిగినవాడిదే తప్పా?

నదిలో మునిగినవాడికి జబ్బు చేస్తే మన దేశంలో రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. మొదటిది మఠాల నుంచీ, మఠాలను కొలిచే మంత్రుల నుంచీ వస్తుంది. నది దేవత గనక ఆమెకు మైల అంటదు, జబ్బు చేసిందంటే అది నీ ఖర్మ అంటారు వీరు. రెండవది చదువుకున్న పెద్దమనుషుల నుంచి వస్తుంది. అంత మురికినీళ్లని తెలిసీ ఎందుకు దిగావు అంటారు వారు. ఈ రెండు జవాబులూ బద్ధశత్రువులని లోకం అనుకుంటుంది. ఒకదానికి ఛాందసమనీ, రెండవదానికి విజ్ఞానమనీ పేర్లు కూడా పెట్టుకున్నాం. కాని ఈ రెండూ ఒకే పని చేస్తున్నాయని నా వాదన. నదిలోకి మురుగు వదిలినవాణ్ణి విచారణకు రాకుండా రెండూ కాపాడుతున్నాయి. నేరమే జరగలేదంటుంది ఒకటి. దెబ్బ తిన్నవాడే నేరస్థుడంటుంది రెండవది.

ముందు రోగం సంగతి చూద్దాం. నది తనంతట తాను ఎవరికీ టైఫాయిడ్ పెట్టదు. టైఫాయిడ్, కలరా, జిగట విరేచనాలు, కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఏ, ఇ - వీటి క్రిములు రోగి పేగుల్లో నుంచి మలంతో బయటికి వచ్చి, నీటిలో పడి, ఇంకొకరి నోటికి చేరతాయి. మునక వేసేవాడు, ఈదేవాడు ఎంత జాగ్రత్తగా ఉన్నా నాలుగు చుక్కలు నోట్లోకి పోక తప్పదు. పోనీ నోరు మూసుకుంటే చాలునా అంటే అదీ చాలదు. ఎలుకల మూత్రం కలిసిన నీటిలో బతికే లెప్టోస్పైరా అనే క్రిమి కాలిమీది చిన్న గీతలోంచి లోపలికి పోగలదు. చెవిపోటు, కళ్లకలక, ఒంటిమీద దద్దుర్లు వేరే. 1854లో లండన్‌లో జాన్ స్నో ఒక వీధిపంపు నీళ్లకూ కలరా చావులకూ ఉన్న సంబంధం చూపించాడు. 1884లో రాబర్ట్ కోహ్ కలకత్తాలోని ఒక చెరువునీటిలోనే కలరా క్రిమిని పట్టుకున్నాడు. మన నేలమీదనే ఈ సంగతి తేలి 140 ఏళ్లు దాటింది.

నీటిలో మలం ఎంత కలిసిందో తెలుసుకోవటానికి ఫీకల్ కోలిఫాం అనే క్రిములను లెక్కిస్తారు. ఇవన్నీ రోగం తెచ్చేవి కావు. ఇవి ఉన్నాయంటే మలం కలిసిందని గుర్తు. మలం కలిసినచోట రోగక్రిములు ఉండే అవకాశం ఉన్నది. స్నానానికి పనికివచ్చే నీటిలో 100 మిల్లీలీటర్లకు ఇవి 500 లోపు ఉండటం మేలనీ, ఎట్టి పరిస్థితిలోనూ 2,500 దాటరాదనీ మన ప్రభుత్వమే నిర్ణయించింది. ఈ అంకెలు ఏ నాస్తికుడో కల్పించినవి కావు, సర్కారు నియమాల్లోనివి.

ఈ నియమానికి 2025లో ప్రయాగలో ఏ గతి పట్టిందో చూడండి. కుంభమేళా జనవరి 13న మొదలై ఫిబ్రవరి 26న ముగిసింది. 66 కోట్ల మంది స్నానాలు చేశారని ప్రభుత్వమే ప్రకటించింది. మేళా జరుగుతూ ఉండగానే, ఫిబ్రవరి 3 తేదీతో, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు ఒక నివేదిక ఇచ్చింది. పరీక్షించిన చోట్లన్నిటా, వేరువేరు సందర్భాల్లో, ఫీకల్ కోలిఫాం విషయంలో నీరు స్నానప్రమాణానికి సరితూగలేదని అందులో ఉన్నది. ఫిబ్రవరి 19న ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి ఆదిత్యనాథ్ శాసనసభలో లేచి, సంగమజలం స్నానానికే గాక ఆచమనానికి కూడా పనికివస్తుందని సెలవిచ్చారు. ఫిబ్రవరి 28 తేదీతో అదే మండలి ఇంకొక నివేదిక ఇచ్చింది. ఒకే చోట ఒకరోజు అంకెకూ ఇంకొకరోజు అంకెకూ పొంతన లేదు గనక గణాంకశాస్త్రం ప్రకారం విశ్లేషించామనీ, ఫీకల్ కోలిఫాం మధ్యస్థ విలువ 1,400 గనక నీరు స్నానానికి తగినదేననీ ఈసారి తేల్చింది.

ఈ మధ్యస్థ విలువ అంటే ఏమిటి? అంకెలన్నిటినీ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా పేర్చి నడిమిదాన్ని తీసుకోవటం. ఉదాహరణకు అయిదు రోజుల అంకెలు 300, 600, 1,400, 20,000, 50,000 అనుకుందాం. ఇవి నేను వేసుకున్న అంకెలు, ప్రయాగవి కావు. వీటి మధ్యస్థ విలువ 1,400. నియమం నెరవేరింది! కాని నాలుగోరోజునా అయిదోరోజునా మునిగినవాళ్లు దేంట్లో మునిగారు? మధ్యస్థ విలువలో ఎవడూ స్నానం చెయ్యడు. రాయచూరు నుంచి రైలెక్కి వెళ్లిన ముసలమ్మ ఒక రోజున, ఒక గంటలో, ఒక రేవులో మూడు మునకలు వేస్తుంది. ఆ రోజు, ఆ గంటలో, ఆ రేవులో నీళ్లు ఎట్లా ఉన్నాయన్నదే ఆమెకు కావలసిన సంగతి. గణాంకశాస్త్రాన్ని నేను తప్పుపట్టటం లేదు. ఏడాదిమీద నది బాగుపడుతున్నదా, చెడుతున్నదా చూడటానికి అది పనికివస్తుంది. ఫలానా రోజున దిగవచ్చునా అన్న ప్రశ్నకు దాన్ని జవాబుగా చూపటం ప్రజల కళ్లకు గంతలు కట్టటమే.

గంగకు తనను తాను శుద్ధి చేసుకునే శక్తి ఉన్నదనీ, సైన్సు కూడా ఒప్పుకున్నదనీ ఇంకొక వాదన ఉన్నది. ఇందులో సగం నిజం ఉన్నది గనక దీన్ని వెక్కిరించి వదిలెయ్యరాదు. 1896లో హాంకిన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు గంగ, యమున నీళ్లలో కలరా క్రిములు చచ్చిపోవటం గమనించి ప్రచురించాడు. క్రిములను తినే బాక్టీరియోఫేజ్ అనే సూక్ష్మజీవులున్నాయని 1917లో డెరెల్ ప్రకటించాడు. అవి లోకంలో మురుగు ఉన్న నీళ్లన్నిటిలోనూ ఉంటాయి, గంగకు ప్రత్యేకమైన వరం ఏమీ కాదు. ఒక్కొక్క ఫేజ్ తనకు సరిపడే ఒకటి రెండు రకాల క్రిములనే చంపుతుంది. హెపటైటిస్ వైరస్‌ను అది ముట్టుకోదు. తోళ్ల కర్మాగారం నుంచి వచ్చే క్రోమియంను అసలే ముట్టుకోదు. నదికి నిజంగా అంత శక్తి ఉంటే 1986లో గంగా కార్యాచరణ ప్రణాళిక ఎందుకు పెట్టినట్టు? 2014లో 20,000 కోట్ల రూపాయలతో నమామి గంగే ఎందుకు మొదలుపెట్టినట్టు? ఒక చేత్తో శుద్ధికి కాంట్రాక్టులు రాస్తూ, రెండో చేత్తో శుద్ధి అక్కర్లేదని హారతి పట్టటం మన పాలకులకే చెల్లింది.

ఇక రెండవ జవాబు దగ్గరికి వద్దాం. ఎందుకు దిగావు? ఈ ప్రశ్న అడిగేవాడి ఇంట్లో కుళాయి ఉంటుంది. నదిలో దిగేవాళ్లు ఎవరు? బట్టలుతికే రజకులు మోకాలిలోతు నీళ్లలో పూటంతా నిలబడతారు. జాలరి వల విసిరితే తడవక తప్పదు. గోదావరిలో పడవ కూలీలు అడుగుకు మునిగి బకెట్లతో ఇసుక తోడతారు. మూసీ ఒడ్డున గడ్డి కోసే ఆడవాళ్ల పాదాలు హైదరాబాదు మురుగులోనే నానతాయి. ఎండాకాలం గేదెల వెంట దిగిన పిల్లవాడికి ఈతకొలను ఎవరు కట్టించారు? వీళ్లందరితో దిగవద్దని చెప్పటం, బతకవద్దని చెప్పటంతో సమానం. ఇక ఏడాదికొక్కసారి పుణ్యానికి దిగేవాడు కూడా తన నదిలో తాను దిగుతున్నాడు. ఆ హక్కును నమ్మకంతో పని లేకుండా నేను సమర్థిస్తాను. ప్రమాదం, స్నానం చేయరాదు అని రేవులో బోర్డు పాతటం సులువు. ఆ బోర్డు పాతిన శాఖ, రేవుకు పైన ఉన్న మురుక్కాలవ దగ్గర ఏ బోర్డూ పాతదు.

ఈ రోగులు లెక్కలోకి ఎందుకు రావటం లేదో నా అనుభవంలోనే తెలిసింది. ఒక పట్టణం రేవులో అందరితోపాటు ఈతకొట్టి వచ్చిన నెలరోజులకు నాకు పచ్చకామెర్లు వచ్చాయి. డాక్టరుగారు బజారులో ఏం తిన్నారని అడిగారు, పానీపూరీ తిన్నారా అని అడిగారు, ఏ నీళ్లు తాగారని అడిగారు. ఏ నీళ్లలో దిగారని మాత్రం అడగలేదు. అడగాలని ఆయన ముందున్న కాగితంలోనూ లేదు. నా కామెర్లు నది వల్లనే వచ్చాయని నేను ప్రమాణం చెయ్యను. ఆ అవకాశాన్ని నమోదు చేసే గడి ఎక్కడా లేదన్నదే నేను చెప్పేది. హెపటైటిస్ ఏ బయటపడటానికి 15 నుంచి 50 రోజులు పడుతుంది. ఆపాటికి యాత్రికుడు ఇంకొక జిల్లాలో, ఇంకొక రాష్ట్రంలో ఉంటాడు. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల తొలిరోజున రాజమండ్రి తొక్కిసలాటలో 25 మందికి పైగా చచ్చిపోతే దేశమంతా చూసింది, విచారణ సంఘం కూర్చున్నది. నెల తర్వాత తన ఊళ్లో మంచమెక్కినవాడి కోసం ఏ సంఘమూ కూర్చోదు. జబ్బులు నమోదు కాలేదు గనక జబ్బులే లేవని అప్పుడు తీరికగా చెప్పవచ్చు.

మురుగు వదిలేదెవరు? కేంద్ర మండలి 2021లో ప్రకటించిన లెక్క ప్రకారం దేశంలో పట్టణాల నుంచి రోజుకు 7,236.8 కోట్ల లీటర్ల మురుగునీరు వస్తున్నది. అందులో నిజంగా శుద్ధి అవుతున్నది 2,023.6 కోట్ల లీటర్లు. నూటికి 28 పాళ్లు! మిగిలిన 72 పాళ్లు వాగుల్లోకి, చెరువుల్లోకి, నదుల్లోకి పోతున్నాయి. ఇది చీకట్లో జరిగే పని కాదు. పురపాలక సంఘాల కాలవలు పట్టపగలు చేస్తున్న పని. దీనికి కర్మాగారాలు తమ వంతు చేరుస్తున్నాయి. పటాన్‌చెరు దగ్గర సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రచురించారు. శుద్ధి చేసిన తర్వాతి మాట ఇది. అటువంటి నీటిలో మందుకు లొంగని క్రిములే మిగిలి పెరుగుతాయి. అంటే నదిలో మింగిన క్రిమికి ఆస్పత్రిలో ఇచ్చే మాత్ర కూడా పనిచెయ్యకుండా పోయే స్థితి తయారవుతున్నది. 1974 నాటి జలకాలుష్య చట్టాన్ని 2024లో సవరించి, చాలా ఉల్లంఘనలకు జైలుశిక్ష తీసేసి 10,000 నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టారు. ముందు కొన్ని రాష్ట్రాలకే వర్తింపజేసిన ఈ సవరణ, కోట్ల లాభాలు తీసేవాడికి జరిమానాను ఒక ఖర్చుపద్దుగా మార్చింది.

మనది బీదదేశం, ఇదంతా మనవల్ల అయ్యే పనా అని కొందరు మిత్రులు అంటారు. డబ్బున్నంత మాత్రాన నదులు బాగుపడవు. ఇంగ్లండులో నీటి సరఫరా, మురుగు పారుదల 1989లో ప్రైవేటు కంపెనీలకు అమ్మేశారు. 2023లో ఆ కంపెనీల కాలవల నుంచి నదుల్లోకీ సముద్రంలోకీ 4,64,056 సార్లు శుద్ధిచెయ్యని మురుగు పొర్లిందని అక్కడి ప్రభుత్వ సంస్థే లెక్క చెప్పింది. అంత సంపన్నదేశం గతి అది. పారిస్‌లో సెన్ నదిలో ఈతను 1923లో నిషేధించారు. సుమారు 140 కోట్ల యూరోలు ఖర్చుపెట్టి, వాననీటితో కలిసిన మురుగు పొర్లకుండా భూమిలో తొట్లు కట్టి, 2025 జూలై 5న మూడు రేవులు జనానికి తెరిచారు. అక్కడా అంతా బాగైపోయిందని నేను అనను. 2024 ఒలింపిక్స్‌లో వాన పడి నీరు చెడితే ట్రయథ్లాన్ పోటీని ఒకరోజు వాయిదా వేశారు. మనం నేర్చుకోవలసింది సరిగ్గా అదే. ఆ రోజు అంకె బాగాలేదు గనక ఆ రోజు దిగనివ్వలేదు. మధ్యస్థ విలువ చూపించి ఆటగాళ్లను నీళ్లలోకి తోయలేదు.

2027లో గోదావరి పుష్కరాలు. ఆ పుష్కరాలకు ముందు మనం మూడు కోర్కెలు గట్టిగా పెట్టాలి. ప్రతి రేవులోనూ ప్రతి ఉదయం ఆ రేవు నీటి అంకెను తెలుగులో బోర్డుమీద రాయాలి. పరీక్షకు ఒకరోజు పడుతుందంటే, నిన్నటి అంకె ఇవాళ రాయండి. పుష్కరాల తర్వాత రెండు నెలలపాటు ప్రభుత్వ ఆస్పత్రుల్లో కామెర్ల రోగినీ, టైఫాయిడ్ రోగినీ ఏ రేవులో మునిగావని అడిగి రాసుకోవాలి. నదిలో కలిసే ప్రతి కాలవకూ అది ఎవరిది, రోజుకు ఎంత వదులుతున్నదీ బయటపెట్టాలి. వీటిలో ఏ ఒక్కటీ మతానికి విరుద్ధం కాదు. భక్తుడికి అంకె చెప్పటం అతని భక్తిని అవమానించటం కాదు. చెప్పకుండా ముంచటమే అవమానం.

చివరగా రచయితలకు ఒక మాట. నదిని తల్లి అని రాసిన మన కవులకు లెక్కలేదు, ఆ తల్లి ఒంట్లో ఎవరు ఏం పోస్తున్నారో రాసినవారు తక్కువ. నదిని విప్లవానికీ కాలప్రవాహానికీ పోలిక చేసిన అభ్యుదయ కవులు కూడా ఆ నీళ్లలో నిలబడి బట్టలుతికేవాడి కాళ్లమీది పుండ్లను చూసింది తక్కువ. పుష్కర సంచికలకు రచనలు పంపబోయేవారు, పంపేముందు ఒక్కసారి రేవుకు పైన మురుక్కాలవ నదిలో కలిసేచోట నిలబడి చూడాలని నా కోరిక. చూసి వచ్చి కూడా నదీస్తుతి రాయగలిగినవారిని రాయనివ్వండి. కింద ఆ కాలవ పేరు కూడా రాయమని సంపాదకులు పట్టుబడితే చాలు.