‘పంపేశాం’ అంటే చాలదు



ఆస్పత్రి బిల్లు బీమా కంపెనీకి చేరకపోయినా, కట్టిన ఫీజు కాలేజీ రికార్డుల్లో కనబడకపోయినా కౌంటర్ దగ్గర వినిపించే జవాబు ఒకటే: సర్వర్ సమస్య. పత్రికలు కూడా ఆ జవాబునే అచ్చువేసి ఊరుకుంటున్నాయి. చాలా ఏళ్లుగా ఇంటిగ్రేషన్ సపోర్టులో పనిచేస్తున్న నాకు ఈ జవాబు మింగుడు పడక ఈ ఉత్తరం రాస్తున్నాను. నా దాకా వచ్చిన ఇలాంటి ఫిర్యాదుల్లో ఎక్కువ వాటిలో సర్వర్లు నిక్షేపంగా పనిచేస్తూనే ఉన్నాయి. రెండు సాఫ్ట్‌వేర్ల మధ్య సమాచారం చేరవేసే కనెక్టర్, దారిలో తప్పు జరిగిందని తెలిసీ ఎవరికీ చెప్పలేదు. అసలు దోషం అక్కడుంది.

కనెక్టర్ రెండు ఆఫీసుల మధ్య ఫైళ్లు మోసే బంట్రోతు లాంటిది. అవతలి ఆఫీసుకు తాళం వేసి ఉంటే ఫైలు వెనక్కి తెచ్చి ఆ మాట చెప్పాలి. గుమ్మం ముందు పడేసి వచ్చి ‘ఇచ్చేశానండీ’ అంటే, ఆ అబద్ధం బయటపడేసరికి ఫైలు కోసం ఎదురుచూస్తున్న మనిషికి జరగవలసిన నష్టం జరిగిపోతుంది.

ఈ మౌనం ఎంత దూరం పోగలదో 2020లో బ్రిటన్ చూసింది. సెప్టెంబరు 25కూ అక్టోబరు 2కూ మధ్య 15,841 కరోనా కేసులు ఆ దేశపు రోజువారీ లెక్కలోకి రాలేదు. ల్యాబ్‌లు పరీక్షల ఫలితాలను మామూలు సీఎస్‌వీ ఫైళ్లుగా పంపాయి. ప్రజారోగ్య సంస్థ పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ వాటిని పాతకాలపు ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎక్కించింది. ఆ ఫార్మాట్‌లో ఒక షీటుకు 65,536 వరుసలకు మించి పట్టవు. ఒక్కో కేసుకు పలు వరుసలు కావడంతో, ఫైలుకు సుమారు 1,400 కేసులు నిండాక మిగిలినవి రాలిపోయాయి. పరీక్ష చేయించుకున్న వాళ్లకు ఫలితమైతే అందింది. వాళ్లను కలిసిన వాళ్లను వెతికి హెచ్చరించవలసిన బృందాలకు మాత్రం ఆ పేర్లు సమయానికి చేరలేదు. మహమ్మారి మళ్లీ పుంజుకుంటున్న రోజులవి. అక్కడ గొప్ప సాంకేతికత ఏమీ అక్కర్లేదు. వచ్చిన వరుసలెన్ని, ఎక్కిన వరుసలెన్ని అని పోల్చి, తేడా ఉంటే పని ఆపేసి కేకవేసే చిన్న తనిఖీ ఉంటే తప్పు మొదటి రోజే దొరికేది.

అలాంటి తనిఖీ ఎందుకుండదో మా రంగంలో అందరికీ తెలుసు. గడువు ముంచుకొస్తుంది. టెస్టింగ్‌లో ఒక ఎర్రర్ మాటిమాటికీ వస్తుంటుంది. డెవలపర్ దాన్ని పట్టుకునే కోడ్ రాస్తాడు. పట్టుకున్నాక ఏం చెయ్యాలో రాయడు. తెర మీద ఎరుపు పోతుంది, డెమో సాఫీగా సాగుతుంది. సాఫ్ట్‌వేర్లను కలిపే మ్యూల్‌సాఫ్ట్ వేదిక వాడే వాళ్లకు ‘ఆన్ ఎర్రర్ కంటిన్యూ’ గురించి చెప్పనక్కర్లేదు. అది పెడితే లోపల ఏం విరిగినా ఆ ఫ్లో సవ్యంగా ముగిసినట్టే లెక్క. ‘ఆన్ ఎర్రర్ ప్రాపగేట్’ పెడితే ఎర్రర్ పిలిచిన వాళ్ల దాకా వెళ్తుంది. మొదటిదాని అవసరం ఉండే చోట్లు ఉన్నాయి, కాదనను. డబ్బు, మందులు, మార్కులు నడిచే దారిలో ఆలోచించకుండా దాన్ని పెట్టడం మాత్రం బాధ్యతారాహిత్యం.

కంపెనీల లెక్కలు నడిపే ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే వాళ్లకు ఇంకో రూపం తెలుసు. పంపిన వైపు ఐడాక్ (సమాచారం మోసే పత్రం) స్టేటస్ 03 చూపిస్తుంది, అంటే పోర్టుకు అప్పగించామని. అందుకున్న వైపు అదే సమాచారం 51 దగ్గర ఆగి ఉంటుంది, అంటే అప్లికేషన్‌లో నమోదు కాలేదని. పంపిన వాళ్లు తమ తెర చూసుకుని పని అయిపోయిందనుకుంటారు. అవతల 51లు పేరుకుపోతుంటాయి. వాటిని రోజూ చూడవలసింది ఎవరో ఏ కాగితంలోనూ రాసి ఉండదు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. ఏ ఎర్రర్ వచ్చినా మళ్లీ మళ్లీ పంపడం. టైమౌట్ అయిందంటే జవాబు రాలేదని మాత్రమే అర్థం. పని అవతల జరిగిపోయి ఉండొచ్చు. గుడ్డిగా మళ్లీ పంపితే ఒకే ఆర్డరు రెండుసార్లు పడుతుంది, ఒకే బిల్లుకు రెండుసార్లు సొమ్ము పోతుంది. అందుకే ప్రతి అభ్యర్థనకూ అవతలివారు గుర్తుపట్టగల సొంత సంఖ్య ఉండాలి. అవతలి సర్వర్ ప్రస్తుతానికి అందుబాటులో లేదనే 503 కోడ్ వస్తే కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నించడంలో అర్థముంది. 400 వచ్చిందంటే పంపిన సమాచారంలోనే తప్పుంది, వందసార్లు పంపినా అదే జవాబు వస్తుంది. దాన్ని పక్కన భద్రపరచి మనిషి కళ్ల ముందు పెట్టాలి.

కళ్ల ముందు పెట్టడమంటే ఎక్కడో ఒక ఈమెయిల్ పడెయ్యడం కాదని అమెరికాలో షేర్ల వ్యాపార సంస్థ నైట్ క్యాపిటల్ కథ చెబుతుంది. 2012 ఆగస్టు 1 నాటికి, షేర్ల ఆర్డర్లను మార్కెట్లకు పంపే ఆ సంస్థ సాఫ్ట్‌వేర్‌లోని కొత్త కోడ్ ఎనిమిది సర్వర్లలో ఏడింటికే చేరింది. ఆ ఉదయం మార్కెట్ తెరవకముందే ఎర్రర్‌ను పేర్కొంటూ 97 ఈమెయిళ్లు సంస్థ లోపలి వాళ్లకు వెళ్లాయి. వాటిని హెచ్చరికలుగా చూసే ఏర్పాటు లేక ఎవరూ కదల్లేదు. మార్కెట్ తెరిచాక 45 నిమిషాల్లో ఆ లోపంతో చోటుచేసుకున్న లావాదేవీల వల్ల పోయింది 46 కోట్ల డాలర్ల పైమాటే.

ఇక ట్రేస్ లాగ్‌ల, అంటే ప్రతి లావాదేవీ నడిచిన దారిని నమోదు చేసే రికార్డుల సంగతి. ‘ఎర్రర్ వచ్చింది, అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి’ అన్న వాక్యంతో అర్ధరాత్రి టికెట్ అందుకున్న మనిషి ఏం చెయ్యగలడు? ఏ లావాదేవీ, ఏ మెట్టు దగ్గర, ఎన్ని గంటలకు, అవతలివైపు నుంచి ఏ జవాబు వచ్చి ఆగింది? ఇవి లాగ్‌లో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, మొదటి సిస్టమ్‌లో ఇచ్చిన గుర్తింపు సంఖ్య చివరి సిస్టమ్ దాకా చెక్కుచెదరకుండా వెళ్లాలి. ఇందుకోసం వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2020 ఫిబ్రవరిలోనే ‘ట్రేస్ కాంటెక్స్ట్’ పేరుతో 32 అక్షరాల ట్రేస్ ఐడీని సిఫారసు చేసింది. అయినా నడిమధ్య కనెక్టర్ ఆ సంఖ్యను పారేసి తన కొత్త సంఖ్య వేసుకునే ప్రాజెక్టులు ఇంకా తయారవుతున్నాయి.

లాగ్‌లు ఎక్కువైతే సిస్టమ్ నెమ్మదిస్తుందని, ఖర్చు పెరుగుతుందని, గోప్యతకు ముప్పని అంటారు. మూడూ నిజమే. 2018 మే 3న ట్విట్టర్ తన లోపలి లాగ్‌లో పాస్‌వర్డ్‌లు ముసుగు లేకుండా నమోదయ్యాయని ఒప్పుకుని, 33 కోట్ల మంది వాడకందార్లనూ పాస్‌వర్డ్ మార్చుకోమని కోరవలసి వచ్చింది. అందుకని లాగ్ మానెయ్యనక్కర్లేదు, ఏం రాయకూడదో ముందే తేల్చుకోవాలి. పాస్‌వర్డ్, ఆధార్ సంఖ్య, రోగి వివరాలు లాగ్‌లోకి రాకూడదు. వివరమైన ట్రేస్‌ను అవసరమైన లావాదేవీకే, అవసరమైనంత సేపే తెరవాలి. మన దేశంలో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. పనికొచ్చే వివరం లేని లాగ్‌ను ఎన్నాళ్లు దాచినా ప్రయోజనం లేదు.

ఇదంతా సాధ్యమా అనే వాళ్లు తమ ఫోన్‌లోని యూపీఐని చూడాలి. ప్రతి చెల్లింపుకూ 12 అంకెల సంఖ్య ఉంటుంది, దాన్ని పట్టుకునే రెండు బ్యాంకులూ వెతుకుతాయి. ఒక మనిషి మరొకరికి పంపిన సొమ్ము ఖాతాలో తగ్గి అవతల చేరకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలని, ఆపై ఆలస్యమయ్యే ప్రతి రోజుకూ 100 రూపాయలు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఉత్తర్వు ఇచ్చింది. వైఫల్యాలు తప్పవని ముందే ఒప్పుకుని, వాటికి గడువూ జవాబుదారీతనమూ పెట్టిన పద్ధతి ఇది. బీమా క్లెయిములకూ విద్యార్థుల ఫీజులకూ వాటి వెనకున్న కనెక్టర్లలో ఇదే క్రమశిక్షణ ఎందుకు అడగకూడదు?

అమీర్‌పేటలో ఇంటిగ్రేషన్ కోర్సులు చెప్పే సంస్థలకు నా మనవి: అంతా సవ్యంగా జరిగే దారి నేర్పడానికి ఎన్ని క్లాసులు తీసుకుంటారో, అవతలి సిస్టమ్ పడిపోయినప్పుడు, సగం సమాచారమే వచ్చినప్పుడు ఏం చెయ్యాలో నేర్పడానికీ అన్ని తీసుకోండి. ప్రాజెక్టును అప్పజెప్పించుకునే ప్రభుత్వ శాఖల, కంపెనీల అధికారులకూ ఒక మాట. వాడకందార్ల అంగీకార పరీక్ష (యూఏటీ) రోజున అవతలి సిస్టమ్‌ను మీ ఎదుటే ఆపించండి. ఆగిన ప్రతి రికార్డూ ఎక్కడుందో, ఎవరికి కబురు వెళ్లిందో, మళ్లీ ఎలా పంపుతారో చూపించమనండి. చూపించలేకపోతే సంతకం పెట్టకండి.

ఇట్లు
ఒక ఇంటిగ్రేషన్ ఇంజనీరు,
కూకట్‌పల్లి, హైదరాబాదు