వేరు లేని పట్టు

పిల్లలూ! మీలో సముద్రం చూచినవాళ్లు ఎందరు? ఖమ్మం, భద్రాచలం అడవి అంచున ఉండే మనకు సముద్రం దూరమే. అయినా సముద్రపు నాచును గూర్చి నాకు మొదటి పాఠం చెప్పినవాడు ఈ అడవి పిల్లవాడే. ఆ సంగతి చెబుతాను, వినండి.

నేను కొత్తగా ఉపాధ్యాయుణ్ణి అయిన రోజులవి. "మొక్క నీటిని ఎలా తీసుకుంటుంది?" అని పరీక్షలో ప్రశ్న ఇచ్చాను. అందరూ "వేళ్లతో" అని రాశారు. కిన్నెరసాని ఒడ్డు పల్లెనుంచి వచ్చే ఒక కుర్రవాడు మాత్రం, "చెట్టు వేరుతో తాగుతుంది. నాచుకు వేరు లేదు, అది ఒళ్లంతా తాగుతుంది" అని రాశాడు. నేను ఆ రెండో మాటను ఎర్రసిరాతో కొట్టివేసి, ఒక మార్కు తగ్గించాను.

మర్నాడు వాడు ఒక రాయి తెచ్చి నా బల్లమీద పెట్టాడు. దానికి పచ్చని వెంట్రుకల్లాగా నాచు అంటుకొని ఉంది. "రాతిలోకి వేరు ఎక్కడ దిగింది సారూ?" అన్నాడు. "ముందు పాఠం చదువు, పో!" అన్నాను.

కొన్నేళ్లకు నేను విశాఖపట్నం వెళ్లాను. ఆటు వచ్చి నీరు వెనక్కు తగ్గింది. బయటపడిన రాళ్లనిండా నాచే! పల్చని ఆకుల్లాంటి పచ్చని అల్వా, గోధుమరంగు సర్గాసం, ఎర్రని గ్రాసిలేరియా. మూడింటిలోనూ పత్రహరితం ఉంటుంది. కాని గోధుమ, ఎర్ర నాచుల్లో వేరే రంగులు దానిని కప్పివేస్తాయి. శాస్త్రజ్ఞులు వీటన్నిటినీ శైవలాలు అంటారు.

ఒక సర్గాసాన్ని రాతినుంచి ఊడదీసి చూచాను. అడుగున వేరు లేదు! రాతిని కరచుకొని ఉండే చిన్న బిళ్ల ఉంది. దాని పని పట్టుకోవటమే, తాగటం కాదు. పైన కాడవంటిది, ఆకులవంటివి ఉన్నాయి. ఆ ఆకుల నడుమ బఠాణీల్లాంటి గాలితిత్తులు ఉన్నాయి. అవి నాచును వెలుతురువైపు తేలుస్తాయి. చుట్టూ నీరే కనుక నాచు ఒంటినిండా నీటిని, లవణాలను పీల్చుకుంటుంది. చెట్టులోలాగా నీటిని పైకి మోసే గొట్టాలతో దానికి పని లేదు. పువ్వూ లేదు, విత్తనమూ లేదు. అల్వా సూక్ష్మమైన బీజాలను నీటిలోకి వదులుతుంది. అవి ఈదుకుంటూ పోయి, రాయి దొరికినచోట అతుక్కొని పెరుగుతాయి.

మన భద్రాచలం మీదుగా పోయే గోదావరి సముద్రంలో కలిసేచోట ఇంత నాచు కనబడదు. ఎందుకో చెప్పగలరా? అక్కడ ఉన్నది ఇసుక, ఒండ్రు. పట్టుకోవటానికి రాయి లేదు. నీరు బురదగా ఉంటే వెలుతురు కూడా లోపలికి దిగదు.

మీరూ ఒక పరీక్ష చేయండి. పెద్దవాళ్లను వెంటబెట్టుకొని వెళ్లి, మడమలోతు నీటిలోనుంచి నాచు పట్టిన చిన్న రాయి తీయండి. పాకుడు రాళ్లమీద కాలు జారుతుంది, జాగ్రత్త! రాయిని నీళ్లగిన్నెలో ఉంచితే నాచు కురులు విప్పినట్లు నిలుస్తుంది. పైకి తీస్తే చతికిలపడుతుంది. చెట్టుకున్న కర్ర దానికి లేదు. దానిని నిలబెట్టేది నీరే.

విశాఖనుంచి తిరిగి వచ్చేసరికి ఆ కుర్రవాడు చదువు ముగించి వెళ్లిపోయాడు. వాడి జవాబు పూర్తిగా సరి అయినది. ఆ మార్కు నేను నేటికీ బాకీ ఉన్నాను.

పిల్లలూ, మీ కళ్లు చూచినదీ, పాఠంలో విన్నదీ వేరుగా ఉంటే భయపడకండి. రాయి తెచ్చి చూపండి. పెద్దలారా, రాయి తెచ్చిన పిల్లవాణ్ణి మాత్రం నాలాగా "పో!" అనకండి.