చందాలు కాదు, చీటీ మీద మందు పేరు అడుగుదాం

పోస్ట్ పెద్దగానే ఉంటది, ఓపిక చేసుకొని చివరి దాకా చదవండి. కోపం వస్తే తిట్టండి, కానీ చదివినాకే తిట్టండి.

మన గ్రూపులో ఒకటే తీరు మెసేజ్ మళ్లీ మళ్లీ వస్తోంది. "ఫలానా గూడెం పిల్లకి సికిల్ సెల్, మందులకు డబ్బుల్లేవు, తోచినంత ఫోన్‌పే చేయండి." మనం యాభయ్యో వందో వేస్తాం, దండం బొమ్మ పెడతాం, మన పని అయిపోయిందనుకుంటాం. వచ్చే నెల మళ్లీ అదే పిల్ల, అదే మెసేజ్. నేనూ వేసినవాణ్నే. ఇప్పుడు చెప్తున్నా, ఈ పద్ధతి మనల్ని ఎక్కడికీ తీసుకుపోదు.

మా చిన్నాయన బిడ్డకు పదమూడేళ్లు. రెండేళ్ల కింద పట్నంలో ఒక ప్రైవేటు డాక్టరు రోజూ వేసుకోవాలని గోళీ రాసిండు. చీటీ మీద కంపెనీ పెట్టిన పేరు తప్ప ఇంకేం లేదు. ఆ గోళీలు, రెండు టానిక్ సీసాలు, బస్సు చార్జీలు కలిపి నెలకి పదిహేను వందలు దాటేది. కూలికి పోతేనే పొయ్యి వెలిగే ఇల్లు అది. రెండు నెలలు కొన్నారు. మూడో నెల నుంచి చిన్నమ్మ ఎవరికీ చెప్పకుండా రోజు విడిచి రోజు వేయడం మొదలుపెట్టింది. పొదుపు చేస్తున్నా అనుకుంది పాపం. చలికాలంలో ఒక రాత్రి పిల్ల కాళ్ల నొప్పి, నడుము నొప్పితో అరుస్తుంటే ఆటోలో వేసుకొని పోయినం. రక్తం ఎక్కించారు, ఆరు రోజులు ఉంచుకున్నారు. టానిక్‌లో మిగిలింది లేదు, గోళీలో మిగిలింది లేదు, అప్పు మాత్రం మిగిలింది. చిన్నమ్మ ఇప్పటికీ తనను తానే తిట్టుకుంటది. తప్పు ఆమెదా?

నర్సింగ్ చదివే మా అక్క ఒకామె ఆ గోళీల అట్ట తిప్పి చూసింది. పెద్ద అక్షరాల్లో కంపెనీ పేరు, కింద చీమంత అక్షరాల్లో అసలు పేరు: హైడ్రాక్సీయూరియా. ఆ పేరు తెలిసినంక మాకు దారి తెలిసింది.

ఈ మందు కొత్తది కాదు. 1869లోనే జర్మనీలో తయారు చేశారు. చాలా ఏళ్లు క్యాన్సర్‌కు వాడారు. సికిల్ సెల్‌కు వాడొచ్చని అమెరికా ప్రభుత్వం 1998లో ఒప్పుకుంది. దీని మీద ఇప్పుడు ఎవరి పేటెంటూ లేదు. మన దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉంది, అంటే ధరకు ప్రభుత్వమే గరిష్ఠ పరిమితి పెడుతుంది. మరి మన ఇంటికి ఎందుకు భారమైంది? పేరు తెలియక, దూరం పోవాల్సి వచ్చి, అడగడానికి నోరు రాక.

ఇక్కడ ఒక కిటుకు తెలుసుకోండి. చీటీ మీద ఒక కంపెనీ పేరు రాస్తే, షాపతను దాని బదులు వేరే కంపెనీది ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి షాపు దగ్గర బేరమాడి లాభం లేదు. అడగాల్సింది డాక్టరు టేబుల్ దగ్గర. జనరిక్ పేరుతో, అర్థమయ్యేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని డాక్టర్ల నియమావళిని 2016లోనే సవరించారు. "సార్, మందు అసలు పేరు రాయండి" అనడం ఎదురు తిరగడం కాదు, మన హక్కు.

కొందరు అన్నలు అంటారు, "తక్కువ రేటు మందు పనిచేయదు" అని. రేటులో తేడా వచ్చేది ఎక్కువగా పేరుకు, ప్రచారానికి, మధ్యవాళ్ల కమీషన్‌కు. లోపల ఉండే మందు ఒకటే. నాసిరకం మందులు లేవని నేననను, కానీ రేటు ఎక్కువైతే నాణ్యత దానంతటదే వస్తదని ఎవరు చెప్పారు? అనుమానం ఉంటే బిల్లు, బ్యాచ్ నంబరు దాచిపెట్టి డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు చేయండి.

ఇంకొందరు, "చందా వేసుకోవడమే మన ఐక్యత" అంటారు. యాక్సిడెంట్ అయితే, ఇల్లు కాలితే చందా సరే. బతికినన్నాళ్లు వేసుకోవాల్సిన మందు దయ మీద నడవదు. అది హక్కు మీద నడవాలి.

ఆ హక్కు కాగితం మీద ఉంది. సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభించారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 17 రాష్ట్రాలు, 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు, 2047 నాటికి నిర్మూలన. పీహెచ్‌సీ మందుల జాబితాలో కూడా హైడ్రాక్సీయూరియా చేర్చారు. మరి మన పీహెచ్‌సీకి పోతే? "స్టాక్ లేదు." నీలగిరి కొండల ఆదివాసీల్లో ఈ జబ్బును 1952లోనే గుర్తించారు. డెబ్బై ఏళ్లు దాటినా మన అమ్మలు గోళీలు లెక్కపెట్టుకునే కాడనే ఉన్నారు.

అందుకే చదువుకున్న మనం చేయాల్సినవి:

1. మన గూడెంలో ఈ జబ్బున్న ప్రతి ఇంటికి పోయి చీటీ, అట్ట చూడాలి. అసలు పేరు పెద్దగా రాసి ఇవ్వాలి. టానిక్‌లు నిజంగా అవసరమా అని డాక్టర్‌ను అడగాలి.

2. ముందు ప్రభుత్వ ఆసుపత్రి. దొరకకపోతే జన్ ఔషధి కేంద్రం. ఒకటి రెండు నెలలకు సరిపడా ఒకేసారి రాయమని అడిగితే బస్సు చార్జీ మిగులుతది.

3. "స్టాక్ లేదు" అంటే తిరిగి రాకండి. మెడికల్ ఆఫీసర్‌కు కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. ప్రజావాణిలో, ఐటీడీఏ పీఓకు పెట్టండి. ఎన్ని గోళీలు వచ్చాయి, ఎన్ని ఇచ్చారు అని ఆర్టీఐ వేయండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

4. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్ ఉంది. సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టించండి.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. డబ్బు మిగలాలని గోళీలు తగ్గించొద్దు, ఆపొద్దు. ఎవరికో రాసింది చూసి సొంతంగా కొనొద్దు. ఈ మందు వాడేవాళ్లకు రక్త పరీక్ష ఎప్పటికప్పుడు కావాలి, గర్భం విషయం డాక్టర్‌కు ముందే చెప్పాలి.

మా చెల్లెకు ఇప్పుడు గోళీలు ప్రభుత్వ ఆసుపత్రిలో పైసా లేకుండా వస్తున్నాయి. రెండుసార్లు లేవన్నారు, రెండుసార్లూ కాగితం పెట్టినం, వచ్చాయి. తొమ్మిదో తరగతి చదువుతోంది.

వచ్చేసారి గ్రూపులో చందా మెసేజ్ పడితే, వంద వేసే ముందు కింద ఒక ప్రశ్న రాయండి: "మందు అసలు పేరేంటి? మీ పీహెచ్‌సీ ఏది? కాగితం పెట్టారా?" పెట్టకపోతే ఆ ఊరికి దగ్గర్లో ఉన్నవాళ్లు తోడుపోండి.

జల్, జంగల్, జమీన్ కోసం కొట్లాడిన జాతి మనది. ఒక గోళీ పేరు అడగడానికి భయమెందుకు? జోహార్.